నమ్మికయు రుజువును

చట్టములు న్యాయవాదుల సొత్తని తలంచి సాహిత్యపత్రికలు వాని జోలికి పోకుండుట మనలో నొక యాచారమైనది. ఈ యాచారము మంచిది కాదని మా యభిప్రాయము. చట్టమును వచనరచనయే. దానికిని కర్తలు గలరు, పాఠకులు గలరు, వ్యాఖ్యాతలు గలరు. కావ్యమున నొక పదము పొసగకున్న రసభంగము మాత్రమే యగును. చట్టమున నొక పదము పొసగకున్న నొక మనుష్యుని బ్రదుకు చెఱసాలలో తెల్లవాఱును. కావున కావ్యమును చదువునంతటి శ్రద్ధతోనే చట్టమును చదువవలసియున్నది.

ఈ వ్యాసమున రెండు చట్టముల పాఠములను ప్రక్కప్రక్క నుంచి చదువ బూనితిమి. మొదటిది 1871 నాటి నేరస్థజాతుల చట్టము. అది కాలక్రమమున మన నెల్లూరు కోస్తానేలపై గాఢమైన ముద్ర వేసినది. రెండవది 1967లో పుట్టి, పలుమాఱులు సవరణ పొంది, నేడు అమలునందున్న చట్టవ్యతిరేక కార్యకలాపముల నిరోధక చట్టము. పత్రికలు దీనిని ‘ఉపా’ యని వ్యవహరించుచున్నవి. ఈ రెండింటియందును నొకే క్రియాపదము కీలకస్థానమున గూర్చున్నది. ఆ పదము ‘నమ్ముట’. ఎవరు నమ్మవలెను? ఎప్పుడు నమ్మవలెను? ఏమి చూచి నమ్మవలెను? ఈ మూడు ప్రశ్నలకు చట్టము చెప్పు సమాధానమును బట్టియే పౌరుని స్వేచ్ఛ నిలుచుటయో కూలుటయో జరుగును.

నేరము రుజువగువఱకు ముద్దాయిని నిర్దోషిగనే యెంచవలెననునది నాగరకన్యాయమునకు మూలసూత్రము. దీనికి నిర్దోషభావన యని పేరిడుదము. నేరము చేసితివని చెప్పినవాడే దానిని రుజువు చేయవలెను. చేయలేదని రుజువు చేయవలసిన భారము నిందపడినవానిపై నుండరాదు. 1872 నాటి సాక్ష్యచట్టము ఈ సూత్రమునకు మన దేశమున లిఖితరూప మొసగినది. అందును ‘నమ్ముట’ యను మాట కలదు. తన యెదుట నుంచబడిన విషయములను పరిశీలించిన పిమ్మట న్యాయస్థానము ఒక సంగతి యున్నదని నమ్మినచో నది రుజువైనట్లని యా చట్టము నిర్వచించినది. అనగా నమ్ముట న్యాయాధిపతి పని. అదియు నిరుపక్షముల మాటలు విన్న తరువాతి పని. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము దాని స్థానమును గ్రహించినను ఈ సూత్రము మాత్రము మాఱలేదు.

సాక్ష్యచట్టమును రచించిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దొర 1869 మొదలు 1872 వఱకు గవర్నరు జనరలు సభలో న్యాయసభ్యుడు. ఆయన యా పదవియందున్న కాలముననే, సాక్ష్యచట్టమునకు కొలది నెలలు ముందుగా, నేరస్థజాతుల చట్టమును వెలువడినది. దీనియందు నమ్మువాడు న్యాయాధిపతి కాడు, రాష్ట్రప్రభుత్వము. ఫలానా తెగ నేరములు చేయుటకు అలవాటుపడినదని ప్రభుత్వము నమ్ముటకు కారణమున్నచో చాలును. పై యనుమతి పొంది యా తెగను నేరస్థజాతిగా ప్రకటింపవచ్చును. అట్లు ప్రకటించిన పిదప ఆ ప్రకటన చెల్లదని యే న్యాయస్థానమును ప్రశ్నింపరాదు. ఒకే కాలమున, ఒకే సభనుండి, ఒక చట్టము నమ్మికను న్యాయస్థానము చేతికిచ్చెను. వేఱొక చట్టము ఆ న్యాయస్థానపు తలుపులనే మూసివేసెను. మొదటిది మనుష్యులకని, రెండవది మనుష్యులుగా లెక్కింపబడనివారికని యనుకొనిన గాని ఈ వైరుధ్యము సమన్వయము కాదు.

1871 చట్టము తొలుత ఉత్తరాదికి పరిమితమై యుండెను. 1911లో దానిని తిరిగి వ్రాసి మద్రాసు రాజధానికిని వర్తించునట్లు చేసిరి. 1924లో మరల క్రోడీకరించిరి. మన ప్రాంతమున దాని వాత బడినవారిలో ముఖ్యులు ఎఱుకలవారు. వీరు మనకు క్రొత్తవారు కారు. వేంకటాచలపతి పద్మావతీదేవి వివాహము కూర్చుకొనుటకు ఎఱుకలసాని వేషము ధరించి ఆకాశరాజు నగరికి వచ్చిన కథ తెలుగింట తెలియనివా రుండరు. యక్షగానములయందు ఎఱుక చెప్పు స్త్రీ లేనిదే నాయికకు ఊరట లేదు. గద్దెబుట్ట చంకబెట్టుకొని వాకిట నిలిచిన యామెకు గృహిణులు చేటతో బియ్యము పెట్టి చేయి చాచిరి. అదే యామె భర్తపేరు ఠాణాలోని పట్టికకెక్కినప్పుడు మాత్రము మనము ఏమియు పలుకలేదు.

ఈ తెగలోని శాఖల పేళ్లే వారి వృత్తులను చెప్పుచున్నవి. ఉప్పు ఎఱుకలవారు, దబ్బ ఎఱుకలవారు, కరివేపాకు ఎఱుకలవారు అని వారికి వ్యవహారము. తీరమునందలి ఉప్పును పశువులపై వేసికొని మెట్టసీమలకు మోసి, అక్కడి ధాన్యముతో మార్పిడి చేసికొనుట ఉప్పు ఎఱుకలవారి బ్రదుకుతెరువు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో ప్రకటించిన గ్రంథమున ఈ బ్రదుకుతెరువు ఎట్లు నశించినదో వివరముగ జూపిరి. ప్రభుత్వపు ఉప్పు విధానము ఒకవైపు, బాటలును రైళ్లును ఒకవైపు, 1876–78 నాటి ధాతుకఱవు ఒకవైపు వారి వర్తకమును చంపినవి. అడవిచట్టములు వెదురునకును ఆకునకును అడ్డు నిలిచినవి. సరకు లేక తిరుగువానిని చూచి, వీడేల తిరుగుచున్నాడని ప్రభుత్వ మడిగెను. తిరుగుటకు కారణము పోగొట్టినది తానే యనుమాట మఱచి, తిరుగుటయే నేరలక్షణమని నిర్ణయించెను.

కావలిలో నెలకొల్పబడిన ఎఱుకల సెటిల్‌మెంటును అమెరికన్ బాప్టిస్టు మిషనువారు నడపిరి. బిట్రగుంటకు చేరువనున్న కప్పరాళ్లతిప్ప పేరును ఆ సెటిల్‌మెంటుల చరిత్రలోనిదే. ఉత్తరముగ బాపట్ల చెంత స్టూవర్టుపురమును సాల్వేషన్ ఆర్మీవారు నడపిరి. 1924 చట్టము ప్రకారము పట్టికకెక్కినవాడు వేలిముద్ర లియ్యవలెను. ప్రభుత్వము కోరినచో నియమితకాలములందు హాజరు చెప్పుకొనవలెను. ఊరు విడిచినచో తెలుపవలెను. ఆఱేండ్లు నిండిన పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పాఠశాలల కంపుటకు ప్రభుత్వమునకు అధికారముండెను. వీని కన్నిటికిని తలమానికమైన నిబంధన మఱియొకటి కలదు. పట్టికకెక్కినవాడు దొంగతనమునకై అదను చూచుచున్నాడని న్యాయస్థానమునకు తోచునట్టి పరిస్థితులలో కనబడినచో మూడేండ్ల వఱకు ఖైదు విధింపవచ్చును. దొంగిలించిన వస్తువు లేదు, సొత్తు పోయినవాడు లేడు, దొంగతనమే జరుగలేదు. ఒకడు ఒకచోట నిలిచియుండెను. వాని పేరు పట్టికలో నుండెను. ఇదియే నేరము.

మన గ్రామములలో ‘గుమ్మడికాయల దొంగ యెవరన్న భుజములు తడవుకొన్నట్లు’ అను సామెత కలదు. దోషియే తన్ను తాను పట్టియిచ్చుకొనునని దాని తాత్పర్యము. కాని ఏ తోటలో నేమి పోయినను ముందుగ తన భుజములనే తడవి చూచెడి ఠాణావా డున్నచోట, నిర్దోషియు భయముచే భుజము తడవుకొనును. సామెత ఈ భేదము నెఱుగదు. చట్టమైన నెఱుగవలసియుండెను.

ఇక్కడ సంస్కారప్రియులైన చదువరులకు నొక మాట మనవి చేయవలసియున్నది. ఈ సెటిల్‌మెంటులు క్రూరత్వము పేరిట వెలసినవి కావు. సంస్కరణము పేరిట వెలసినవి. బడి పెట్టుదుము, పని నేర్పుదుము, స్థిరనివాస మేర్పఱతుము అని చెప్పిరి. కొంత చేసిరి కూడ. అక్కడ చదువు నేర్చినవారు గలరు. వ్యవసాయము పట్టుబడినవారు గలరు. ఆ మేలును కాదనుట మా యుద్దేశము కాదు. కాని నేరము రుజువు కాని మనుష్యుని సంస్కరింపబూనుటకు ముందు, వాడు దోషియని యెవరు నిర్ణయించిరను ప్రశ్న యొకటి యుండనే యున్నది. ఆ ప్రశ్న నడుగకయే వానికి మేలు చేయుటకు పూనుకొన్నవాడు, తెలిసియో తెలియకయో, ఆ నిందకు సాక్షిసంతకము చేసినవా డగుచున్నాడు. సంస్కర్తలమను పేరు గల మనకు ఈ హెచ్చరిక యెన్నడును అవసరమే.

ఆ చట్టము తొలగుటకు పాటుపడినవారిలో మన జిల్లావారును గలరు. యానాదులకును ఎఱుకలవారికిని జీవితమును ధారపోసిన నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్యగారి కృషిని ఈ సందర్భమున స్మరింపకుండుట కృతఘ్నత. మద్రాసు ప్రభుత్వము 1947లో ఆ చట్టమును తమ రాష్ట్రమున రద్దుచేసినది. తిరుపతి ప్రాంతపు నాయకులైన మాడభూషి అనంతశయనం అయ్యంగారుగారి అధ్యక్షతను 1949లో నియమింపబడిన సంఘము దేశమంతట విచారించి, చట్టమును తీసివేయవలెనని సిఫారసు చేసినది. 1952 ఆగస్టు 31వ తేదీతో అది దేశమంతట రద్దయినది. అయినను పలు రాష్ట్రములలో ‘అలవాటుపడిన నేరస్థుల’ చట్టములు దాని నీడను నిలిపినవి. జైళ్ల నియమావళులలో విముక్తజాతులవారిని పుట్టుకను బట్టి యలవాటు నేరస్థులుగ నెంచు నిబంధనలు రాజ్యాంగవిరుద్ధములని సుప్రీంకోర్టు తీర్పు చెప్పుటకు 2024 అక్టోబరు 3వ తేదీ రావలసివచ్చినది.

చట్టము పోయినది, ఆ వాక్యము పోయినదా? ఈ ప్రశ్నతో రెండవ పాఠమునకు వచ్చుచున్నాము. 1987లో వచ్చిన టాడా చట్టము, పోలీసు సూపరింటెండెంటు యెదుట నొప్పుకొన్న నేరమును సాక్ష్యముగ గ్రహింపవచ్చునన్నది. 1994లో సుప్రీంకోర్టు దానిని సమర్థించినది. 1995లో అది కాలము తీఱి పోయినది. దానిక్రింద 70,000 మందికి మించి పట్టువడగా శిక్ష పడినవారు నూటికి ఇద్దఱైనను లేరు. పోటా 2002లో వచ్చి 2004లో పోయినది. కాని ఆ రెండు చట్టముల సారమును 2004, 2008 సంవత్సరముల సవరణల మూలమున ఉపాలోనికి చేరినది. తాత్కాలికమని చెప్పి తెచ్చినది శాశ్వతచట్టపు పొట్టలో స్థిరపడెను.

2008 సవరణము ప్రకారము ఈ చట్టముక్రింద పట్టువడినవానిని అభియోగపత్రము లేకయే 180 దినముల వఱకు నిర్బంధమున నుంచవచ్చును. దర్యాప్తువారి కాగితములు చూచినంతట నింద ప్రథమదృష్టికి నిజమని నమ్ముటకు తగిన కారణములున్నవని న్యాయస్థానమునకు తోచినచో, జామీను ఇయ్యరాదు. ఇక్కడ నమ్ముట న్యాయాధిపతి పనియే కదా యని యనవచ్చును. నిజమే, కాని యా న్యాయాధిపతి చూడదగినది ఏది? పోలీసులు వ్రాసిన కాగితము. 2019 ఏప్రిలులో వటాలీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, జామీను విచారణలో సాక్ష్యపు బలాబలములను లోతుగ తూచరాదనినది. తూచుటకు వీలులేని త్రాసును చేతికిచ్చి తూకము చెప్పుమనుట వంటిది ఇది. 2021 ఫిబ్రవరిలో నజీబు వ్యాజ్యమున, విచారణ యెడతెగక సాగునప్పుడు రాజ్యాంగన్యాయస్థానములు జామీను ఇయ్యవచ్చునని చెప్పి ఆ న్యాయస్థానమే కొంత యుపశమనము కలిగించినది. ఆ ముద్దాయి యప్పటికే ఐదేండ్లకు పైగా జైలులో నుండెను.

2019 సవరణము మఱియొక మెట్టు పైకెక్కినది. అంతవఱకు సంస్థలను మాత్రమే ఉగ్రవాదసంస్థలుగ ప్రకటించెడివారు. ఆ సవరణతో వ్యక్తిని గూడ, ఎట్టి విచారణయు ముగియకముందే, ఉగ్రవాదిగ ప్రకటించి అనుబంధపట్టికలో చేర్చు నధికారము కేంద్రప్రభుత్వమునకు వచ్చినది. అందులకు చట్టము కోరునది యేమి? అతడు ఉగ్రవాదమున పాలుగొన్నాడని ప్రభుత్వము నమ్ముట. పేరు తొలగింపుమని వాడు మొఱపెట్టుకొనవలసినది తొలుత నా ప్రభుత్వముకడనే. అక్కడ త్రోసివేసినచో హైకోర్టు న్యాయాధిపతిగ నున్నవారో, వెనుక నుండినవారో అధ్యక్షులుగ నుండు పునర్విమర్శ సంఘమునకు పోవచ్చును. ఆ సంఘమును నియమించునదియు ప్రభుత్వమే.

ఈ రెండు పాఠములును సమానములని మేము చెప్పుట లేదు. మొదటిది పుట్టుకను నేరముగ నెంచినది, రెండవ దట్లనదు. మొదటిది న్యాయస్థానపు తలుపులను బాహాటముగ మూసినది; నేటి రాజ్యాంగన్యాయస్థానములు తెఱచియే యున్నవి. ఈ భేదములు చిన్నవి కావు. కాని వాక్యనిర్మాణమును చూడుడు. రెండింటను కర్త ప్రభుత్వము, క్రియ నమ్ముట, కర్మ మనుష్యుడు, ఫలము పట్టికలో పేరు. రుజువు అను మాట ఆ వాక్యమునకు వెలుపల నిలిచియున్నది.

మన యిండ్లలో ఏటేట వినాయకచవితినాడు శ్యమంతకోపాఖ్యానము చదివి అక్షతలు తలపై వేసికొనుచున్నాము. మణి పోయినది, తమ్ముడు ప్రసేనుడు తిరిగిరాలేదు. కాన కృష్ణుడే చంపి హరించియుండునని సత్రాజిత్తు నమ్మెను. రుజువు చూపుమని సత్రాజిత్తు నెవ్వరు నడుగలేదు. నిందపడిన కృష్ణుడే యడవి కేగి, జాడలు తీసి, గుహ సొచ్చి, జాంబవంతునితో ఇరువదియెనిమిది దినములు పెనగి మణిని తెచ్చి చూపవలసివచ్చెను. నీలాపనింద యను మాట మన నోళ్లలో నిలిచినది ఈ కథవలననే. చవితిచంద్రుని చూచిన దోషమని మనము సరిపెట్టుకొనుచున్నాము గాని, కథలోని దోషము సత్రాజిత్తుది. ఆయనయు దానిని గ్రహించి సిగ్గుపడి, మణిని, కూతును సమర్పించి క్షమాపణ వేడెను. దేవుడు గనుక గుహ సొచ్చి రుజువు తేగలిగెను. చేతులకు బేడీలతో కటకటాల వెనుక నున్నవాడు ఏ గుహలో నేమి వెదకి తేగలడు?

అమలాపురమున పుట్టి ఢిల్లీలో ఆంగ్లాధ్యాపకుడుగ నుండిన జి.ఎన్. సాయిబాబా కథ ఇందులకు నిదర్శనము. శరీరమున తొంబదిపాళ్లు వైకల్యము గలిగి చక్రాలకుర్చీలో తిరిగెడి యాయనను 2014 మేలో నిర్బంధించిరి. నడుమ వైద్యకారణములచే కొంతకాలము జామీను దొరకినది. 2017 మార్చిలో గడ్చిరోలి న్యాయస్థానము యావజ్జీవశిక్ష విధించినది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు విడుదల చేయుమన్నది; మఱునాడే, సెలవుదినమైన శనివారమున, సుప్రీంకోర్టు కూర్చుండి యా తీర్పును నిలిపినది. 2024 మార్చి 5న హైకోర్టు మరల విచారించి నిర్దోషియని తీర్చినది. అదే సంవత్సరము అక్టోబరు 12న ఆయన హైదరాబాదులో కన్నుమూసెను. ఆయన రాజకీయాభిప్రాయములు మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. అది యిక్కడ ప్రస్తుతము కాదు. సహనిందితులలో నొకరు ఆ రెండవ తీర్పు వినకయే 2022లో నిర్బంధముననే మరణించిరి. చనిపోయినవానికి నిర్దోషియను మాట ఏ తపాలాలో చేరును?

హైదరాబాదులో 2007 మే 18న మక్కామసీదునందు బాంబు ప్రేలి అమాయకులు చనిపోయిరి. అనుమానముపై పెక్కుమంది ముస్లిము యువకులను పట్టిరి. వారిపై మోపిన నేరములు న్యాయస్థానమున నిలువలేదు. పిమ్మట దర్యాప్తు వేఱుదిక్కునకు మఱలినది. 2018లో ఆ రెండవ ముద్దాయిలును విడుదలైరి. మొదటివారికి ప్రభుత్వము నష్టపరిహారముతోపాటు మంచి నడవడి గలవారని ధ్రువపత్రము లొసగినది. 2013లో హైకోర్టు ఆ పరిహారము చెల్లదన్నది. ధ్రువపత్రమను మాటయొద్ద కొంత యాగుదము. నేరము చేయని వానికి, చేయలేదని కాగిత మేల? ఆ కాగితము లేనిచో ఇల్లు అద్దెకు దొరకదు, కొలువు దొరకదు, పిల్ల నిచ్చువా డుండడు. కావలి సెటిల్‌మెంటు ఎఱుకలవాడు ఊరు దాటుటకు కావలసిన అనుమతిచీటికిని దీనికిని ఉద్దేశములో భేదమున్నది. అవమానములో భేదము లేదు.

ఉగ్రవాదము మామూలు నేరము వంటిది కాదు, కుట్రలు రహస్యముగ సాగును, సాక్షులు వెఱతురు, ప్రాణములు పోయిన పిదప రుజువు వెదకి ప్రయోజన మేమి యని కొందఱు వాదింతురు. ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. 2007 ఆగస్టు 25న గోకుల్‌చాట్, లుంబినీవనములలో 40 మందికి పైగ చనిపోయిరి. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగరున మరల ప్రేలుళ్లు జరిగెను. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల శోకమునకు సూత్రములతో జవాబు చెప్పుట క్రూరత్వము. కాని ఆ తల్లులకు కావలసినది నేరము చేసినవానికి శిక్ష. ఎవడో యొకనికి శిక్ష కాదు. దిల్‌సుఖ్‌నగరు వ్యాజ్యమున న్యాయస్థానము సాక్ష్యములను విచారించి 2016 డిసెంబరులో ఐదుగురిని దోషులని తీర్చినది. శ్రద్ధతో దర్యాప్తు జరిగినచోట రుజువు దొరకుననుటకు ఇది తార్కాణము. తప్పుమనిషిని పట్టినచో అసలు నేరస్థునికి సెలవిచ్చినట్లే. రుజువు నడుగుట తల్లులపక్షము వాదించుటయే. ప్రభుత్వము రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారము 2016 మొదలు 2019 వఱకు నాలుగేండ్లలో ఉపాక్రింద పట్టువడినవారు 5,922 మంది. అదే కాలమున శిక్ష పడినవారు 132 మంది. పట్టువడినవారి వ్యాజ్యములన్నియు ఆ నాలుగేండ్లలోనే ముగియవు గనుక ఈ రెండంకెలను సూటిగ పోల్చరాదు. పోల్చక విడిచినను, విచారణమునకు ముందటి నిర్బంధమే శిక్షగ మాఱుచున్నదను మాటకు ఇంతకంటె గట్టి సూచన వేఱొకటి యక్కఱలేదు.

కాన మా విమర్శనిర్ణయ మిది. చట్టమున నమ్ముట యను క్రియకు కర్త న్యాయస్థానమే కావలెను. వ్యక్తిని ఉగ్రవాది యని పిలుచుటకు ముందు విచారణ జరుగవలెను. జామీను విచారణలో ఉభయపక్షముల కాగితములను చూచి తూచు నధికారమును న్యాయాధిపతికి మరల నొసగవలెను. ఏండ్లు గడచి నిర్దోషులని తేలినవారికి పరిహారము దయాధర్మముగ గాక హక్కుగ రావలెను.

చట్టసభలలో జరుగవలసిన పని యది. ఇంటిలో జరుగవలసిన పని మఱియొకటి కలదు. ఉదయమున పత్రిక విప్పి ‘ఉగ్రవాది పట్టువడెను’ అను శీర్షిక చదువునప్పుడు, ‘ఉగ్రవాదియని పోలీసులు చెప్పుచున్న మనుష్యుడొకడు పట్టువడెను’ అని పిల్లలకు విప్పి చెప్పుట యే గృహిణికిని కష్టము కాదు. కొన్నేండ్ల తరువాత లోపలిపుటలో చిన్నయక్షరములతో వాని విడుదలవార్త పడినచో దానిని గూడ బిగ్గఱగ చదివి వినిపింపవలెను. కప్పరాళ్లతిప్పలో నివసించువారి మనుమలు నేడు బడులకు పోవుచున్నారు, ఉద్యోగములు చేయుచున్నారు. ఊరిపేరు చెప్పినంతట నెదుటివాని మొగము మాఱునేమో యని వారు నేటికిని కనిపెట్టి చూచుచునే యుందురు. చట్టము తొలగి డెబ్బదియేండ్లు దాటినను తొలగని యా చూపును తొలగించుట యే ప్రభుత్వపు చేతిలోను లేదు. చదువరుల చేతిలో నున్నది.